మూడో నంబరు చక్కెర టాంకీ

ఒమాన్‌లోని రుసైల్ ఇండస్ట్రియల్ ఏరియాలో సంజీవ్ పనిచేసే కంపెనీకి నాలుగు చక్కెర టాంకీలు ఉన్నాయి. ఒక్కొక్కటి నాలుగంతస్తుల ఎత్తు ఇనుప డబ్బా. బ్రెజిల్ నుంచి ఓడల్లో వచ్చిన ముడి చక్కెరను గల్ఫ్‌లోనే మరోచోట శుద్ధి చేసి, లారీల్లో ఇక్కడికి తెస్తారు. పైనుంచి టాంకీల్లో పోసి, కిందినుంచి తీసి సంచులకు ఎత్తుతారు. ఆ సంచులు నిజ్వాలో హల్వా చేసేవాళ్లకు, జ్యూస్ కంపెనీలకు, ఊరూరా బకాలా అని పిలిచే చిన్న కిరాణా దుకాణాలకు పోతాయి.

జూలైలో గాలికి తేమ పట్టిందంటే లోపల చక్కెర గడ్డకడుతుంది. పైన పెచ్చులా బిగుసుకుపోతుంది, దాని కింద ఉన్నది జారిపోయి డొల్ల మిగులుతుంది. అప్పుడు సంచుల లైను ఆగిపోతుంది. ఎవరో ఒకరు పైమూత తీసి లోపలి నిచ్చెన దిగి, గడ్డపారతో ఆ పెచ్చును పగలగొట్టాలి. ఆ మంగళవారం పొద్దున పదిన్నరకు మూడో నంబరు టాంకీలోకి ఆ పని మీద దిగినవాడు భూమేశ్.

భూమేశ్ సంజీవ్‌కు బావ, అక్క సంధ్య భర్త. మెట్‌పల్లి దగ్గరి ఊరు. ఒకప్పుడు రెండెకరాల్లో చెరుకు వేసేవాడు. చెరుకు కొనే ఫ్యాక్టరీ మూతపడ్డాక ఒక ఏడాది పంటను పొలంలోనే కాల్చేసి, ఆ మరుసటేడు ఒమాన్ వచ్చాడు. తొమ్మిదేళ్లయింది. మూడేళ్ల కింద బామ్మర్దికి కూడా అదే కంపెనీలో వీసా చూశాడు.

టాంకీలోకి మనిషి దిగితే పాటించాల్సిన పద్ధతి గోడ మీదే రాసి ఉంది. నడుముకు బెల్టు కట్టి తాడుకు తగిలించాలి. టాంకీ అడుగున చక్కెరను లాగే ఇనుప మరను ఆపి, స్విచ్చుకు తాళం వేయాలి. ఆ రోజు బెల్టులు స్టోర్ బీరువాలో ఉన్నాయి, తాళంచెవి సెలవు మీద పోయిన స్టోర్‌కీపర్ దగ్గరుంది. మర మాత్రం తిరుగుతూనే ఉంది. మధ్యాహ్నం లోపల రెండు లారీలు నిండాలని, పెచ్చు పగిలినకొద్దీ చక్కెర కిందికి వచ్చెయ్యాలని, దిగబోతున్న భూమేశ్‌కూ సంజీవ్‌కూ ఫోర్‌మన్ చెప్పాడు. మర ఆపుదామా అని స్విచ్చు దగ్గర నిలబడ్డ సంజీవ్ ఒక్కసారి అడిగాడు. పైనుంచి ఆర్డర్ అన్నాడు ఫోర్‌మన్. సంజీవ్ రెండోసారి అడగలేదు.

పైన గడ్డపార దెబ్బలు ఇనుప గోడల్లోంచి గంటలా వినపడుతున్నాయి. పది, పన్నెండు దెబ్బలు పడ్డాయి. తర్వాత ఒక మెత్తటి చప్పుడు, ఇసుక లారీ తొట్టి ఎత్తినప్పటిలాంటిది. ఆ వెనక దెబ్బలు లేవు.

సంజీవ్ చెయ్యి ఎర్ర బటన్ మీద పడింది. మర ఆగేదాకా కూడా ఆగకుండా బయటి మెట్ల వైపు పరిగెత్తాడు. నాలుగంతస్తులు ఎలా ఎక్కాడో అతనికి తెలియదు. మూతలోంచి తొంగిచూస్తే మొదట తెల్లటి దుమ్ము తప్ప ఏమీ కనపడలేదు. కళ్లు అలవాటుపడ్డాక, మూడు నిలువుల లోతున బావ తల, భుజాలు కనిపించాయి. చంకల దాకా చక్కెరలో ఉన్నాడు. ఒక చెయ్యి పైకి ఉంది, రెండోది లోపల. గోడకు ఒక పక్క పెచ్చు ఇంకా సగం అలాగే అంటుకుని, అతని తల మీదికి వంగి ఉంది.

"బావా," అన్నాడు సంజీవ్.

భూమేశ్ తల ఎత్తలేదు. "గట్టిగ ఒర్రకు. పైది కూలుతది," అన్నాడు మెల్లగా. "కాళ్లు తెలుస్తలేవు నాకు."

అప్పటికి ఫోర్‌మన్, ఇంకో నలుగురు పైకొచ్చారు. ఫోర్‌మన్ ముఖం పాలిపోయింది. తాడు వేసి చంకల కింద కట్టించి చైన్‌పుల్లీతో లాగుదామన్నాడు. మరొకడు అడుగు గేటు మొత్తం తెరిస్తే చక్కెర దిగిపోతుంది, మనిషి మిగులుతాడన్నాడు. ఒకతను అప్పుడే గేటు దగ్గరికి వెళ్లడానికి రెండు మెట్లు దిగాడు కూడా.

అతన్ని మెట్ల మీదే ఆపినవాడు మెయింటెనెన్స్ ఇంజనీరు. మారిషస్ మనిషి, యాభై దాటినవాడు, సన్నగా పొడుగ్గా ఉంటాడు. అందరూ లూచ్ సాబ్ అంటారు. ఇంగ్లీషు, కొద్దిగా హిందీ తప్ప అతని నోట ఇంకో భాష ఎవరూ వినలేదు. అతను మెట్లకు అడ్డంగా నిలబడి, గేటు ముట్టుకోవద్దని హిందీలో చెప్పాడు. గేటు తెరిస్తే చక్కెరతో పాటు మనిషినీ కిందికి లాగేస్తుంది. తాడుతో లాగితే వెన్ను విరుగుతుంది, చక్కెర మాత్రం వదలదు. ఇలాంటివి తమ దేశపు మిల్లుల్లో చూశానన్నాడు. మనిషి చుట్టూ పలకలు దించి గోడ కట్టాలి, ఆ గోడ లోపలి చక్కెరను తోడెయ్యాలి, వేరే దారి లేదు. సివిల్ డిఫెన్స్‌కు ఫోన్ చేయించాడు. ప్యాలెట్లకు వాడే ప్లైవుడ్ కోయించాడు. స్టోర్ బీరువా తాళాన్ని తనే సుత్తితో పగలగొట్టి బెల్టులు తెచ్చాడు.

లోపలికి దిగడానికి బరువు తక్కువ మనిషి కావాలి. సంజీవ్ బెల్టు తీసుకుని కట్టుకున్నాడు.

లూచ్ సాబ్ మూత దగ్గర బోర్లా పడుకుని తల లోపలికి పెట్టాడు. అప్పుడు అతని నోట వచ్చిన మాట విని సంజీవ్ నిచ్చెన మీద ఒక్క క్షణం ఆగిపోయాడు.

"భూమేశ్ గారూ, నా మాట వినుము. పైన ఉన్న చెయ్యిని రొమ్ము మీద అడ్డముగా పెట్టుకొనుము. ఊపిరికి చోటు ఉండవలెను. భయపడవలదు. నీ బావమరది వచ్చుచున్నాడు."

అది తెలుగే. పాత పుస్తకంలోంచి చదువుతున్నట్టున్న తెలుగు. ఎక్కడో సాయంకాలం బడిలో నేర్చుకున్నది, ఎన్నడూ ఎవరితోనూ అవసరానికి మాట్లాడనిది.

లోపల వేడి కొలిమిలా ఉంది. సంజీవ్ అడ్డంగా పరిచిన చెక్క మీద నిలబడి, మొదటి పలకను బావ వీపు వెనక నిలువునా దించి మోకాలితో నొక్కాడు. చక్కెర గట్టిగా ఉంది, అరచేతులు కోసుకుపోయాయి. భూమేశ్ ముఖమంతా చెమటకు చక్కెర కరిగి పాకంలా అంటింది. కనురెప్పలు విడిపోవడం లేదు. ప్రతిసారి ఊపిరి వదిలినప్పుడల్లా చక్కెర ఇంకాస్త బిగుసుకునేది.

"ఊపిరి ఇడిస్తే మల్ల తీస్కోవస్తలేదురా," అన్నాడు.

"మెల్లగ తీస్కో బావా. కొంచెం కొంచెం."

రెండో పలక దిగుతుండగా పైన ఏదో చిట్లిన చప్పుడైంది. సంజీవ్ తల ఎత్తి చూడలేదు. బావ తల మీదికి ఒంగి రెండు చేతులూ చుట్టేశాడు. గోడ పెచ్చులోంచి బస్తా అంత గడ్డ ఊడి అతని వీపు మీద పడి పగిలింది. దాని వెనక పొడి చక్కెర జారుతూనే ఉంది. అది ఆగేసరికి భూమేశ్ గడ్డం దాకా మునిగాడు. సంజీవ్ వేళ్లతో అతని నోటి ముందు తోడాడు. లోపలికి పోయిన చక్కెరకు భూమేశ్ దగ్గాడు. దగ్గడానికి ఛాతీ కదిలే చోటు లేక కళ్లు తేలేశాడు.

పైన ఫోర్‌మన్ హిందీలో దేవుణ్ని తలుచుకుంటున్నాడు. లూచ్ సాబ్ గొంతు మాత్రం మారలేదు.

"సంజీవ్, మూడవ పలక దించుచున్నాను. తీసుకొనుము. భూమేశ్ గారూ, నీవు చెరుకు వేసినవాడవని విన్నాను. చెరుకు ఎట్లు నాటుదురు? నాకు చెప్పుము."

భూమేశ్ పలకలేదు. లూచ్ సాబ్ మళ్లీ అడిగాడు. మళ్లీ అడిగాడు. మూడోసారికి భూమేశ్ పెదవులు కదిలాయి. మూడు కన్నుల ముక్కలు కొట్టాలన్నాడు. కన్ను పక్కకు ఉండేటట్టు కాలువలో పండబెట్టాలన్నాడు. ఒక్కో మాటకు ఒక్కో ఊపిరి పట్టింది. లూచ్ సాబ్ ప్రతి మాటకూ ఇంకో ప్రశ్న వేశాడు. నీళ్లు ఎన్ని రోజులకు పెడతారు, ఆకు ఎప్పుడు చుట్టి కడతారు, పందులు పడితే ఏం చేస్తారు. భూమేశ్‌కు ఊపిరి చాలనప్పుడు తనే చెప్పేవాడు. మన పక్క పండిన చెరుకును అరబ్బులు పడమటికి తీసుకుపోయిరని, అక్కడినుంచి పోర్చుగీసువాళ్లు సముద్రం దాటించి బ్రెజిల్‌లో నాటిరని, అది నరకడానికి ఆఫ్రికా మనుషులను గొలుసులు వేసి తెచ్చిరని. ఆ గొలుసులు రద్దయ్యాక తమ దీవికి కోరంగి రేవునుంచి తెలుగువాళ్లను కాగితాల మీద వేలిముద్రలు వేయించి తెచ్చిరని. తన పేరు లూచ్ కాదని, లచ్చుమయ్య అని. ఓడలో వచ్చిన మొదటివాడి పేరది, ఆ తర్వాత ఇంటిపేరైపోయింది.

"ఇప్పుడు నీవు ఉన్నది బ్రెజిల్ చెరుకు నడుమ," అన్నాడు. "అది ఇంత దూరము తిరిగి వచ్చినది. నిద్రపోకుము. తరువాత ఏమి చేయుదురు? బెల్లము వండుదురా?"

నాలుగు పలకలూ దిగాయి. వాటి మూలలు కలిశాయి. సంజీవ్ చిన్న బకెట్టుతో తోడి పైకి పంపడం మొదలుపెట్టాడు. పది బకెట్లకు గడ్డం, మెడ బయటపడ్డాయి. ముప్పై బకెట్లకు ఛాతీ. భూమేశ్ మొదటిసారి నిండుగా ఊపిరి పీల్చి వెంటనే ఏడ్చాడు. సైరన్ వినపడింది. సివిల్ డిఫెన్స్ వాళ్లు దిగి పలకల మీద బరువు పంచి, చక్కెరను పీల్చే గొట్టం పెట్టారు. నడుము తేలాక వాళ్ల పట్టీలు వేసి ఎత్తారు. మొత్తం రెండు గంటల పది నిమిషాలు. బయటికి తెచ్చాక ఎడమకాలు మోకాలి కింద నీలంగా ఉంది. అతని బూటు చక్కెరతో పాటు జారి, అడుగున మర పళ్లకు చిక్కి ఉంది.

అంబులెన్స్ ఎక్కించేటప్పుడు అక్కకు చెప్పకురా అన్నాడు భూమేశ్. సంజీవ్ తల ఊపాడు.

ఆసుపత్రిలో తెలుగు నర్సు ఉంది, పాలకొల్లు పక్క ఆమె, పేరు మణికుమారి. కాలికి రక్తం ఆడక అంతసేపు నలిగింది కాబట్టి ఆ విషం కిడ్నీల మీద పడుతుందేమో చూడాలంది. "ఇప్పుడే ఏమీ చెప్పలేం తమ్ముడూ. రేపు సాయంత్రానికి తెలుస్తాది. ఇంటికి ఫోన్ చేశావా?" అని అడిగింది.

సంజీవ్ వరండాలోకి వచ్చి సంధ్యకు ఫోన్ చేశాడు. జరిగింది జరిగినట్టు చెప్పాడు.

"ఆ మర తిరుగుతుంటే స్విచ్చుకాడ ఎవలున్నరు?" అని అడిగింది సంధ్య.

"నేనే అక్కా."

ఆమె ఫోన్ పెట్టేసింది.

మర్నాడు మేనేజరు సంజీవ్‌ను తన గదికి పిలిపించాడు. కుర్చీ చూపించి చాయ్ తెప్పించాడు. ఇంగ్లీషులోనూ అరబ్బీలోనూ టైపు చేసిన కాగితం ఒకటి ముందుకు జరిపి, అందులో ఏముందో హిందీలో చెప్పాడు. భూమేశ్ ఎవరి అనుమతీ లేకుండా, బెల్టు ఉన్నా కట్టుకోకుండా టాంకీలోకి దిగాడు. సంజీవ్‌కు ఆ సంగతి తెలియదు, అందుకే మర ఆపలేదు. ఇలా ఉంటే సంజీవ్ మీద తప్పు రాదు, లేబర్ ఆఫీసు నుంచి రేపు వచ్చే ఇన్‌స్పెక్టర్ మర నడిపినవాడినే మొదట అడుగుతాడు అన్నాడు. భూమేశ్‌ను కంపెనీ వదిలెయ్యదు, మంచిగా చూసుకుని ఇంటికి పంపుతుంది. సంజీవ్ వీసా వచ్చే నెలే రెన్యువల్‌కు వస్తుందని కూడా గుర్తుచేశాడు. అతను ఎక్కడా గొంతు పెంచలేదు.

సంజీవ్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. చదివించుకుని రేపు తెస్తానన్నాడు.

గది బయట ఫోర్‌మన్ ఎదురు చూస్తున్నాడు. బిహార్ మనిషి, అతనూ పదేళ్లుగా ఇక్కడే. మర ఆపొద్దని తనంతట తాను చెప్పలేదని, పైనుంచి ఫోన్ వచ్చిందని, అయినా తన పేరే బయటికొస్తుందని గొణిగాడు. అయితే ఆ ఫోన్ సంగతి నువ్వూ చెప్పు, ఇద్దరం చెప్దాం అన్నాడు సంజీవ్. ఫోర్‌మన్ హెల్మెట్ పెట్టుకుని లైను వైపు వెళ్లిపోయాడు.

సంజీవ్ కాగితాన్ని వర్క్‌షాపుకు, లూచ్ సాబ్ లచ్చుమయ్య దగ్గరికి తీసుకెళ్లాడు. లచ్చుమయ్య దాన్ని రెండుసార్లు చదివి, మేనేజరు హిందీలో చెప్పిందే అందులో ఉందన్నాడు. సంతకం చేయమనీ వద్దనీ అనలేదు. తన నివేదిక తాను రాసి ఇచ్చేశానని, కానీ మర ఆపొద్దన్న మాట తాను చెవులారా వినలేదు కాబట్టి అది అందులో లేదని చెప్పాడు. దాన్ని విన్నవాళ్లు ఇద్దరే. ఒకడు టాంకీలోకి దిగాడు, ఒకడు స్విచ్చు దగ్గర ఉన్నాడు. దిగినవాడు ఇప్పుడు మాట్లాడే స్థితిలో లేడు.

తర్వాత తన ఫోన్ తీసి ఒక ఫోటో చూపించాడు. గోధుమరంగు కాగితం, వంకర ఇంగ్లీషు రాత. మారిషస్ పాత రికార్డుల గదిలో వెతికి తీసుకున్నదట. ఓడలో వచ్చిన మొదటి లచ్చుమయ్య చెరుకు మిల్లు రోలర్ల మధ్య చెయ్యి పడి చనిపోయాడు. కాగితంలో మాత్రం వేరే ఉంది.

"సొంత నిర్లక్ష్యము అని రాసినారు," అన్నాడు. "రోలరు ఆపలేదు అని రాయలేదు. కింద సాక్షి వేలిముద్ర చూడుము. అప్పన్న. వాడును మన తెలుగువాడే, అదే ఓడలో వచ్చినవాడు."

సంజీవ్ ఆ నల్లటి మచ్చను చూశాడు. అప్పన్న మీద కోపమా అని అడిగాడు.

"లేదు. అతనికిని పిల్లలు ఉండిరి, అతనికిని దొర భయము ఉండెను. కాని మా ఇంటిలో అప్పటినుండి ఎవరికిని అప్పన్న అను పేరు పెట్టలేదు. ఎందుకో చెప్పకుండగనే అందరికిని తెలియును."

ఆ సాయంత్రం మణికుమారి ఫోన్ చేసింది. కిడ్నీలు పనిచేస్తున్నాయని, కాలి నరం సంగతి మాత్రం ఇంకా తెలియదని చెప్పింది. సంజీవ్ రూమ్‌లో మంచం మీద కూర్చుని ఫోన్ పక్కన పెట్టాడు. చేతులు ఇంకా పచ్చి పుండుగానే ఉన్నాయి. తను ఒక్కసారే అడిగిన సంగతి గుర్తొచ్చింది. రెండోసారి అడిగి ఉంటే ఫోర్‌మన్ తిట్టేవాడు, అంతకంటే ఏమయ్యేది కాదు.

మూడోరోజు ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ఒమానీ, నడివయసు మనిషి, ఉర్దూ బాగా మాట్లాడతాడు. మేనేజరు గదిలో ఫోర్‌మన్‌ను ముందు అడిగారు. ఎవరు ఏం చెప్పారో తనకు గుర్తులేదన్నాడు ఫోర్‌మన్. తర్వాత సంజీవ్‌ను పిలిచారు. మేనేజరు కిటికీ దగ్గర నిలబడ్డాడు. సంజీవ్ తన బతాకా, అదే ఇక్కడి గుర్తింపు కార్డు, బల్ల మీద పెట్టి, దాని పక్కన మడత కాగితం పెట్టాడు. దాని మీద సంతకం లేదు.

నువ్వు అక్కడ ఉన్నావా అని అడిగాడు ఇన్‌స్పెక్టర్. ఉన్నానన్నాడు. టాంకీలో మనిషి ఉన్నట్టు తెలుసా అని అడిగాడు. తెలుసన్నాడు. మేనేజరు కదిలాడు. ఇన్‌స్పెక్టర్ కలం ఆగింది. నువ్వు చెప్పేది నీకే చేటు, తెలుసు కదా అన్నాడు మెల్లగా.

సంజీవ్ తెలుసన్నట్టు తల ఊపాడు. ఉర్దూలో ఒక్కో మాట వెతుక్కుంటూ చెప్పాడు. మర ఆపాలా అని తను ఒకసారి అడిగానని. లారీలు నిండాలి, ఆపొద్దు, పైనుంచి ఆర్డర్ అని జవాబొచ్చిందని. బెల్టులు తాళంలో ఉన్నాయని, ఆ తాళాన్ని మనిషి మునిగాకే పగలగొట్టారని. స్విచ్చు మీద తన చెయ్యే ఉందని, తను ఆపలేదని. ఇన్‌స్పెక్టర్ అంతా రాసుకుని చదివి వినిపించాడు. సంజీవ్ దాని మీద సంతకం చేశాడు. బయటికొచ్చి గోడ నీడలో కాసేపు చతికిలబడ్డాడు.

అక్కడినుంచి నేరుగా ఆసుపత్రికి వెళ్లాడు. భూమేశ్ దిండుకు ఆనుకుని కూర్చున్నాడు.

"ఏం జెప్పినవ్?"

"అయింది అయినట్టు చెప్పిన బావా. మర ఆపంది నేనేనని గూడ చెప్పిన."

భూమేశ్ చాలాసేపు అతని చేతుల కట్లను చూశాడు. "నౌకరి ఉంచరు నిన్ను," అన్నాడు.

"ఉంచరు."

భూమేశ్ బాగున్న కాలును కాస్త పక్కకు జరిపి, మంచం మీద కూర్చోమన్నట్టు దుప్పటి సర్దాడు.

నాలుగు టాంకీలకూ లేబర్ ఆఫీసువాళ్లు సీలు వేశారు. నెలన్నరకు అవి మళ్లీ తెరుచుకున్నాయి, ఈసారి పెచ్చును పగలగొట్టే యంత్రం బయటినుంచే పెట్టారు. డ్యూటీలో జరిగిన ప్రమాదమని నివేదికలో ఉండడంతో భూమేశ్ వైద్యం, పరిహారం కంపెనీ మీదే పడ్డాయి. ఎడమ పాదం ఇక పైకి లేవదని డాక్టర్లు చెప్పారు. అతను చేతికర్రతో ఇంటికి వెళ్లాడు. మేనేజరు తన కుర్చీలోనే ఉన్నాడు. ఫోర్‌మన్‌ను వేరే సైట్‌కు పంపారు. లచ్చుమయ్యను తీసేస్తారని అందరూ అనుకున్నారు, కానీ ఆ మిషన్లు తెలిసినవాడు ఇంకొకడు లేడు కాబట్టి తీసెయ్యలేదు. సంజీవ్ మీద పోలీసు కేసు కాలేదు. మందలింపు రాసి వదిలారు. వీసా మాత్రం రెన్యువల్ కాలేదు. లచ్చుమయ్య ఎవరితోనో మాట్లాడి, ఒమాన్‌లోనే ఇబ్రి ఊళ్లో వ్యవసాయ పనిముట్లు అమ్మే దుకాణంలో కొత్త వీసా మీద పని చూపించాడు.

అన్ని వారాలూ సంధ్య తమ్ముడితో మాట్లాడలేదు. అతను చేస్తే ఫోన్ పిల్లలు ఎత్తేవాళ్లు. భూమేశ్ ఇల్లు చేరిన నాలుగో రోజున, దుకాణంలో సంజీవ్ నీటి పైపుల చుట్టలు సర్దుతుండగా, ఆమే చేసింది. పలకరింపు లేదు.

"ఆడ నీ పని ఏందిరా? పైకెక్కేదా, లోపలికి దిగేదా?"

"లేదక్కా. దుకాణం. కింద నిలవడి చేసేదే."

అతని గొంతును బట్టి నిజమేనని ఆమె తేల్చుకుంది. తర్వాత, "ఇగో, మీ బావ మాట్లాడుతడట," అని ఫోన్ భూమేశ్‌కు ఇచ్చింది.